మూడు ఇళ్లలో మోగే నంబరు

తెనాలిలో మా ఇంట్లో ఫోను మోగితే బాపట్లలో మా పెద్ద మరదలి ఇంట్లోనూ, రేపల్లెలో చిన్న మరదలి ఇంట్లోనూ మోగుతుంది. ఎవరు ముందు ఎత్తితే వాళ్లకే మాట వినబడుతుంది. మిగతా ఇద్దరి ఫోన్లూ నోరు మూసుకుంటాయి. ఈ ఏర్పాటు చేసిపెట్టింది నేనే.

పత్రికలో పని మానేశాక కొన్నాళ్లు నేను ఇంట్లో దేనికీ అక్కరకు రాని మనిషిని. మా ఆవిడకు మాత్రం ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఎవరి ఇంట్లో వాళ్లు సారె మిఠాయిలు చేస్తారు. పెళ్లికూతురి వెంట పంపే లడ్డూలు, అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు, కడుపుతో ఉన్న కూతురికి పుట్టింటివాళ్లు తీసుకెళ్లే చలిమిడి, ఇవే వాళ్ల వ్యాపారం. బోర్డు లేదు, కొట్టు లేదు. గుడ్డ సంచుల మీద మాత్రం మూడు ఫోన్ నంబర్లు అచ్చువేయించారు.

చిక్కల్లా ఫోను ఎప్పుడు మోగుతుందన్నదే. సరిగ్గా అరిసెల పాకం ముదిరే వేళకు మోగేది. పాకం వదిలి ఫోను ఎత్తితే అరిసెలు రాళ్లవుతాయి. ఫోను వదిలేస్తే అవతలివాళ్లు బజార్లో మిఠాయి కొట్టుకు పోతారు. ఒకరు పాకం దగ్గర ఉంటే ఇంకొకరు ఖాళీగా ఉండొచ్చు కదా, ముగ్గురికీ కలిపి ఒకే నంబరు ఉంటే బావుంటుంది కదా అని నాకు తోచింది. వర్చువల్ నంబరు సంగతి అక్కడా ఇక్కడా విచారించి, ఒకటి తీసుకుని, ఆ ముచ్చట మా ఆవిడకు చెప్పాను.

“సిమ్ ఏదండీ?” అంది.

“సిమ్ ఉండదు. నంబరు ఒక్కటే.”

“ఫోను?”

“అదీ ఉండదు. మీ ముగ్గురి ఫోన్లే దాని ఫోన్లు.”

“అంటే సొంత కొంప లేకుండా మా ముగ్గురిళ్లలో తిని తిరిగే చుట్టమన్నమాట,” అని తేల్చేసి, శనగపిండి జల్లించుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ చుట్టం మాత్రం బాగానే అచ్చొచ్చాడు. సంచుల మీద మూడు నంబర్లు పోయి ఒకటే మిగిలింది. తెనాలివాళ్లు చేసిన ఫోను రేపల్లెలో ఎత్తినా, సాయంత్రం ముగ్గురూ ఒకేసారి ఫోనులో కలిసి మాట్లాడుకునేటప్పుడు ఎవరి ఆర్డరు వాళ్లకు అప్పజెప్పేసుకునేవారు. పైగా అక్కచెల్లెళ్ల గొంతులు ముగ్గురివీ ఒకేలా ఉంటాయి. పెళ్లయి ముప్పయ్యేళ్లు దాటినా ఫోనులో నాకే తేడా తెలియదు. ఇక కొనేవాళ్లకేం తెలుస్తుంది? ఒకావిడ తన మోకాలి నొప్పి కథ సోమవారం బాపట్లలో మొదలుపెట్టి, మంగళవారం రేపల్లెలో కొనసాగించి, గురువారం మా ఇంట్లో ముగించింది. ముగ్గురూ “అయ్యో, పాపం!” అన్నారు తప్ప, మొదటి భాగం మేం వినలేదండీ అని ఒక్కరూ అనలేదు.

అనరు కూడా. మా వైపు ఫోనులో ఎవరూ పేరు చెప్పరు. “నేనే” అంటారు. అక్కా, పిన్నీ అని వరస కలిపి, నేనే అన్నాక, నువ్వెవరని అడగడమంత అవమానం ఇంకోటి లేదు. పోల్చుకోలేదని తెలిస్తే అవతలివాళ్లు నొచ్చుకుంటారు. అందుకని మాట సాగనిచ్చి, మధ్యలో ఏదో ఒక ఆనవాలు దొరక్కపోతుందా అని ఎదురుచూస్తాం. మామూలుగా దొరుకుతుంది. ఒక గురువారం దొరకలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోను స్పీకర్‌లో పెట్టి జీడిపప్పు బద్దలు చేసుకుంటోంది. నేను పక్కనే పేపరు తిరగేస్తున్నాను. రేపల్లె మరదలు అంది:

“అక్కా, ఆదివారం చలిమిడి, సారె అడిగారే, నీవాళ్లేనా?”

“నావాళ్లు కాదే. బాపట్లవాళ్లేమో.”

“నాకూ తెలీదు,” అంది బాపట్ల మరదలు. “ఏమందేంటి అసలు?”

“అక్కా నేనే, అంది. ఆదివారం పొద్దున మా అమ్మాయికి చలిమిడి తీసుకెళ్తున్నాం, పోయినసారి చేసినట్టే అన్నీ చెయ్యండి, ఏడింటికల్లా వచ్చి పట్టుకెళ్తాను అంది. ఎప్పుడూ వచ్చే ఇంటికేగా అంటే, అంతేగా మరి అని నవ్వింది. సరేనమ్మా అన్నాను.”

“ఎవరో తెలీకుండానే సరే అన్నావా?”

“అక్కా అని అంత ఆప్యాయంగా పిలిస్తే, నువ్వెవరమ్మా అని ఎట్లా అడగను? నువ్వు అడుగుతావా?”

మా ఆవిడ జీడిపప్పు గట్టిగా విరిచింది.

విలేకరిగా చేరిన రోజుల్లో, వార్త రాసేటప్పుడు ఎవరు, ఎక్కడ అన్న రెండూ వదిలేస్తే మా డెస్కులో పెద్దాయన కాగితం మొహాన కొట్టేవాడు. ఇక్కడ సరిగ్గా ఆ రెండే లేవు. ఆ నంబరుకు వచ్చిన ఫోన్లు ఎక్కడివో నా ఫోనులో కనబడతాయి కాబట్టి, ఎంతో ధీమాగా కళ్లజోడు పెట్టుకుని ఆ గురువారం ఫోను చేసిన నంబరుకు చేశాను. ఒక మగగొంతు పలికింది.

“నా ఫోనేనండీ. రేపల్లె బండిలో పక్కన కూర్చున్నావిడ, చార్జింగ్ అయిపోయిందయ్యా, ఒక్క మాట మాట్లాడి ఇస్తానంటే ఇచ్చాను. ఆవిడెవరో నాకేం తెలుసండీ? వేమూరులో దిగిపోయింది.”

“చూడ్డానికి ఎలా ఉంటుందండీ?”

“ఎలా ఉంటుందేంటండీ, ఆడమనిషిలా ఉంది,” అని ఫోను పెట్టేశాడు.

అయినా ఒక ఆనవాలు దొరికింది. తెనాలికీ రేపల్లెకీ మధ్యన ఉండే వేమూరు మనిషైతే తెనాలికైనా రావాలి, రేపల్లెకైనా పోవాలి. బాపట్లతో పని లేదు. ఈ మాట పెద్ద వార్తలా ముగ్గురికీ ప్రకటించాను.

“బావగారు రాసినవన్నీ జరిగాయా ఏంటి?” అంది బాపట్ల మరదలు. “ఎన్నికలప్పుడు మా ఊళ్లో ఎవరు గెలుస్తారని రాశారో గుర్తుందా?”

“దానికీ దీనికీ సంబంధమేంటమ్మా?”

“ఏం లేదులెండి. శుక్రవారం రాత్రికి నేనూ కాసిని బియ్యం నానబోస్తాను.”

చలిమిడితో వచ్చిన చిక్కే అది. మిగతా మిఠాయిల్లా ముందే చేసి డబ్బాలో పెట్టేది కాదు. బియ్యం నానాలి, తడి ఆరకుండానే పిండి కొట్టాలి, పాకంలో కలపాలి. మనిషెవరో ఆదివారం పొద్దున తెలిశాక మొదలుపెడితే కుదరదు. పెళ్లి సారెలో ఒక రకం తగ్గినా సర్దుకుంటారు. చలిమిడి లేకుండా కూతురి అత్తవారింట్లో ఏ తల్లీ అడుగుపెట్టలేదు. ఆ రెండు రోజులూ మా ఆవిడ నోట ఒకటే మాట. “ఎవరైతేనేంటండీ. ఆదివారం పొద్దున ఒక తల్లి మన గుమ్మంలో నిలబడుతుంది. లేదమ్మా అని చెప్పే నోరు నాకైతే లేదు.”

అలా మనిషెవరో తెలియని ఆర్డరుకు తెనాలిలో ఒక సారె, రేపల్లెలో ఒక సారె తయారయ్యాయి. పోయినసారి చేసినట్టే అంటే ఏం చేసినట్టో తెలియదు కాబట్టి ఇద్దరూ అన్నీ చేశారు. బాపట్లలో నా మాటకు సగం గౌరవం దక్కింది. మరదలు మిఠాయిలు చేయలేదు గానీ చలిమిడి చేసింది.

ఆదివారం ఏడు కొట్టేసరికి నేను మా వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పాలవాడు వచ్చాడు, పేపరు వచ్చింది, వేమూరు మనిషి మాత్రం రాలేదు. లోపల మా ఆవిడ సొంత నంబరు మోగింది. బాపట్ల నుంచి.

“అక్కా, వచ్చింది! నా దగ్గరికే వచ్చింది!” అని గుసగుసగా అరుస్తోంది మరదలు. “నిరుడు పెళ్లి సారె పట్టుకెళ్లిందే, కాలేజీ వెనక వీధిలో ఉండే ఆవిడ. వాకిట్లో కారు ఆపుకుని నిలబడింది. చలిమిడి కార్లో పెట్టించాను. మిగతావేవి అక్కా అని అడుగుతోంది. ఏం చెప్పను?”

“అమ్మాయి అత్తవారిది ఏ ఊరో కనుక్కోవే ముందు!”

ఫోనులో చెప్పుల చప్పుడు, కారు తలుపు చప్పుడు, ఏవో మాటలు. మళ్లీ మరదలి గొంతు, ఈసారి పైస్థాయిలో:

“వేమూరంట అక్కా!”

వేమూరులో రైలు దిగింది అక్కడి మనిషి కాదు, కూతురి మంచిచెడ్డలు చూడ్డానికి వెళ్లిన బాపట్ల తల్లి. నాకు దొరికిన ఆనవాలు నిజమే. దాన్ని పట్టుకుని నేను నడిచిన దోవే తప్పు. ఈ సంగతి మీద నన్ను దెప్పే తీరిక అప్పుడెవరికీ లేదు, అంతే.

“దిగులుపడకమ్మా,” అంటోంది మరదలు అటు తిరిగి, తడుముకోకుండా. “మిఠాయిలు తెనాలిలో మా అక్క దగ్గర పెట్టించాను, ఎట్లాగూ నీకు దారేగా. ఇల్లు చూపించడానికి నేనూ వస్తాను పద.”

కారు తెనాలి చేరేసరికి మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, బిందెలూ డబ్బాలూ వరండాలో వరసగా పెట్టించి, నన్ను చొక్కా మార్చుకోమంది. ఆ తల్లి కారు దిగి డబ్బాల మూతలు తీసి చూసుకుంది. లడ్డూలు, అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు. ఆవిడ మనసు అప్పటికి గానీ కుదుటపడలేదు.

“చలిమిడి ఒక్కటే చేతికిచ్చేసరికి గుండె ఆగినంత పనైందక్కా,” అంది మా ఆవిడ చెయ్యి పట్టుకుని. “మా వియ్యపురాలు మంచిదే గానీ, ఆవిడ అక్కచెల్లెళ్ల కళ్లు మా చేతుల మీదే ఉంటాయి. పెద్ద కోడలికి ఏం తెచ్చారు, చిన్న కోడలికి ఏం తెచ్చారు అని.”

“చూడనీ,” అంది మా ఆవిడ. “బాగా చూడనీ.”

ఆ ఉత్సాహంలో రేపల్లె మరదలికి, నువ్వు చేసినవి అక్కడే ఉంచు అని చెప్పడం ఎవరికీ తట్టలేదు. అయినా చెప్పి ప్రయోజనం ఉండేది కాదు. మీరూ రావాలని ఆ తల్లి పట్టుబట్టడంతో అందరం కలిసి వేమూరు వెళ్లి కారు దిగేసరికి మా చిన్న మరదలు ఆటోలోంచి డబ్బాలు దించుతోంది. బాపట్ల మరదలు కబురు చెప్పగానే బయల్దేరిందట.

“సరేనన్నది నేను,” అంది మొహం కందగడ్డలా చేసుకుని. “వట్టి చేతులతో ఇంట్లో ఎట్లా కూర్చోను?”

వియ్యపురాలి ఇంటి సావిట్లో సారెలు పరిచారు. రెండు చాపలు చాల్లేదు, మూడోది తెచ్చారు. తెనాలి లడ్డూల పక్కన రేపల్లె లడ్డూలు, బాపట్ల చలిమిడికి అటొకటి ఇటొకటి మరో రెండు చలిమిడి పళ్లేలు. కళ్లు పెట్టి చూసేవాళ్లకు ఆ వేళ చూపు ఎక్కడ ఆన్చాలో తెలియలేదు. వియ్యపురాలు డబ్బాల వంకా, మా ఆడవాళ్ల ముగ్గురి వంకా చూసి, “వదినగారూ, మీకు ఇంతమంది అక్కలున్నారని పెళ్లిలో చెప్పలేదేంటి?” అంది.

“మొన్నమొన్నటిదాకా నాకూ తెలీదు వదినగారూ,” అంది ఆ తల్లి. సావిడంతా నవ్వు.

అప్పుడు మోగింది ఫోను. ఒకటి కాదు, మా వాళ్ల మూడు చేతిసంచుల్లోనూ ఒకేసారి. ఇన్నాళ్లుగా మూడు ఊళ్లలో విడివిడిగా మోగినది ఒకే గదిలో మోగేసరికి పిల్లలు చెవులు మూసుకున్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి చిన్న మరదలు ఎత్తి, అవతలి మాట విని, ఒక్క క్షణం ఆలోచించి, “అట్లాగేనమ్మా. ఏ ఊరి నుంచమ్మా?” అంది. ఇలా అడగాలని మాలో ఎవరూ ముందుగా అనుకోలేదు. నువ్వెవరని అడిగితే తప్పుగానీ, ఏ ఊరని అడిగితే అభిమానమే. ఇప్పటికీ మా మూడు ఇళ్లలో ఫోను ఎత్తితే ముందు అడిగేది అదే.

పీటల మీద కూర్చున్న అమ్మాయి మాత్రం ఇవేవీ పట్టించుకునే స్థితిలో లేదు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట. తల్లి మూడింటిలో చేతికందిన చలిమిడి పళ్లెం ఎత్తి, కళ్లు తుడుచుకుని, ఒడిలో పెట్టబోయేలోపే అమ్మాయి చెయ్యి చాచి ఓ ముద్ద తుంచుకుని నోట్లో వేసుకుంది.

“ఆగవే! ముత్తయిదువలు ఇంకా అక్షింతలు వెయ్యలేదు,” అని తల్లి చేతి మీద ఒకటి వేసింది.

అమ్మాయి నములుతూనే అంది, “బావుందమ్మా. కొబ్బరి ముక్కలు పెళ్లప్పటి చలిమిడిలో కంటే ఎక్కువేశారు.”