ప్యాంటు కాలిలో బియ్యం

వరద వచ్చి వెళ్ళాక ఆ వీధి మొత్తం తడిసిన పుస్తకంలా ఉబ్బిపోయింది. తలుపులు ద్వారబంధాల్లో ఇమడడం లేదు. గోడల మీద నడుము ఎత్తున నీరు ఒక మట్టిరంగు గీత గీసి వెళ్ళిపోయింది. ఆ గీత కిందే కూర్చుని కత్తెరమ్మ తన కుట్టుమిషను తుడుస్తోంది. మెడలో తాడుకి ఎప్పుడూ కత్తెర వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరది.

ఆ ఉదయమే వరద సాయం డబ్బు ఖాతాలో పడింది. సగంతో బియ్యం, పప్పు తెచ్చింది. మిగతా సగం మిషను మోటారు బాగుచేయమని మెకానిక్ చేతిలో పెట్టింది. అత్తగారు భగ్గుమంది.

"తిండికని ఇచ్చారే తల్లీ! రేపు బియ్యం నిండుకుంటే మోటారు ఉడకేసి పెడతావా?"

"బియ్యం తింటే అయిపోతాయి అత్తయ్యా. మోటారు తిరిగితే మళ్ళీ వస్తాయి."

"ఎవరు కుట్టించుకుంటారే? ఊరంతా తడిగుడ్డలు ఆరేసుకుంటుంటే!"

ఆ మాట చురుక్కున తగిలింది, నిజం కాబట్టి. పని రాకపోతే నెల తిరక్కముందే పొయ్యి ఆరిపోతుంది. పైగా నేల ఇంకా చెమ్మ కక్కుతోంది. బస్తా కింద పెడితే బూజే.

ఆలోచించి ఆలోచించి మామగారి పాత ప్యాంటు తీసింది. మందపాటి గుడ్డ. రెండు కాళ్ళ అంచులూ చేత్తో కుట్టేసి, ఒకదానిలో బియ్యం, ఇంకోదానిలో పప్పు పోసి, నడుముకి తాడు బిగించి దూలానికి వేలాడదీసింది. ఎవరో మనిషి మేడమీంచి దిగుతూ మధ్యలో ఆగిపోయినట్టుంది.

"బతికున్నన్నాళ్ళూ ఇంట్లో కాలు నిలవని మనిషి. ఇప్పటికి నిలిచాడు" అంది అత్తగారు నవ్వాపుకుంటూ.

కత్తెరమ్మకి ఒక అలవాటుంది. ఏది కుట్టినా ముందు కచ్చాకుట్టే వేస్తుంది. తొడిగి చూసి, సరిపోయిందనుకున్నాకే గట్టి కుట్టు. ఆ అలవాటు కొద్దీ ఇక్కడా అదే చేసింది. మధ్యాహ్నం అత్తగారు దూలం కింద మంచం వేసుకుని కునుకు తీస్తుండగా ఆ పొడుగు కుట్లు మెల్లగా వదులయ్యాయి. బియ్యం సన్నటి వానలా ఆవిడ మీద కురిశాయి.

"ఓసేయ్! మీ మామయ్య కాలు కారుతోందే!"

ఆ కేకకి పక్కింటి బేకరీ ఆవిడా, ఎదురింటి డ్రైవరూ పరుగెత్తుకొచ్చారు. జుట్టునిండా గింజలతో అత్తగారు, దోసిలి పట్టిన కోడలు, పైన ఒక కాలు బక్కచిక్కిన ప్యాంటు. నలుగురూ కడుపు పట్టుకుని నవ్వారు. వరద తర్వాత ఆ గోడలు నవ్వు వినడం అదే మొదలు.

నవ్వు ఆగినా డ్రైవరు చూపు ప్యాంటు మీంచి దిగలేదు. "అక్కా, మా బస్తా అడుగు అప్పుడే పచ్చబడింది. నాకూ ఒకటి కుట్టిపెట్టవా? కచ్చాకుట్టు మాత్రం వద్దు."

"మా పిండికి రెండు" అంది బేకరీ ఆవిడ.

కత్తెరమ్మ నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది: "కుట్టుకూలి గిన్నెడు బియ్యం. గిన్నె మాదే!"

సాయంత్రానికి మోటారు వచ్చింది. గడప దగ్గర వీధిలోని పాత ప్యాంట్లన్నీ కుప్పపడ్డాయి. మిషను గొంతు సవరించుకుని పాట అందుకుంది. అత్తగారు మంచం కింద గింజలన్నీ ఏరి, కొత్తగా వచ్చిన బియ్యంతో కలిపి మామగారి కాలు నింపింది. ఈసారి వేసిన గట్టి కుట్టుని తనే లాగి చూసుకుంది. అయినా ఎందుకైనా మంచిదని మంచం మాత్రం పప్పు వైపుకి జరుపుకుంది.