పాత కంప్యూటర్ని పారేయమన్నారు

ఎంతిన్‌కి కోపం ఎక్కువని కవలూ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఈ కంప్యూటర్ సంగతిలో మాత్రం ఆమెది న్యాయమైన కోపమేనని విన్నవాళ్లంతా ఒప్పుకున్నారు.

యాభై రెండేళ్ల మనిషి. ఆడవాళ్లు నమాజుకు కప్పుకునే ముకెనాల అంచులకు పువ్వులూ తీగలూ కంప్యూటర్లో గీసి, తమ కార్ఖానాలోని కుట్టు మిషన్లకు అందించడం ఆమె పని. పదకొండేళ్లుగా ఒకటే కంప్యూటర్. ఈ మధ్య మొరాయిస్తోంది. ఒక గులాబీ తెర మీదికి వచ్చేలోపు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి రావచ్చు. దానికి తోడు తెర మీద రోజూ ఒకటే పాట: ‘మీ కంప్యూటర్ పాతబడింది, కొత్తది తీసుకోండి.’

“నిన్న నలభై ముకెనాలకు అంచులు గీసిందెవరు మరి, నువ్వా?” అని ఎంతిన్ తెరనే కసిరేది.

“కొత్తది కొనేస్తే గోల వదులుతుంది కదా,” అన్నాడు మొగుడు ఓదాంగ్.

“వదలదు, మొదలవుతుంది. మన కుట్టు ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవదు. నేను గీసిన పువ్వులన్నీ ఏమైపోవాలి?”

ఉపవాసాల నెలకు ఇంకా ఐదు వారాలే ఉంది. ఏటా ఆర్డర్లన్నీ అప్పుడే మీద పడతాయి. ఇక లాభం లేదని కంప్యూటర్ని ఊళ్లోని పెద్ద షాపుకు తీసుకెళ్లింది. ఒక రోజు ఉంచుకుని, ఫజ్రిన్ అనే మెకానిక్ ‘ఇబూ’ అని మర్యాదగా పిలుస్తూనే పెదవి విరిచాడు.

“మదర్‌బోర్డు పోతోంది ఇబూ. దీన్ని మ్యూజియంలో పెట్టుకోవాలి. మాకిచ్చేయండి, కొత్తదాని ధరలో కాస్త తగ్గిస్తాం.”

“ఆలోచించుకుంటా,” అని ఎంతిన్ దాన్ని ఇంటికి తెచ్చేసుకుంది. తీరా చూస్తే, అది వెళ్లేటప్పటికన్నా నీరసంగా ఉంది. గులాబీ సంగతి అటుంచి, ఆకు గీయడానికే ఆయాసపడుతోంది.

పక్క వీధిలో రేడియోలూ టీవీలూ బాగుచేసే, తనను ‘తేతే’ అంటే అక్కా అని పిలిచే యాయన్‌ని రమ్మంది. అతను పెట్టె విప్పి, లైటు వేసి, తల గోక్కున్నాడు.

“తేతే, బోర్డు నిక్షేపంలా ఉంది. హార్డ్ డిస్క్ ముసలిదైపోయింది, అందుకే ఈ నత్తనడక. సరే, మెమరీ బిళ్ల ఒక్కటే ఉందేం?”

“ఒకటేమిటి? రెండుండాలి! పోయినేడు దుమ్ము దులిపింది నేనే.”

యాయన్ ఖాళీ గాడిని వేలితో చూపించాడు.

ఎంతిన్ మొహం ఎర్రబడింది. మూత బిగించనివ్వలేదు. పెట్టెను అలాగే ఎత్తుకుని ఆంకోత్ వ్యాను ఎక్కి, దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. షాపులో అయిదారుగురు కొనేవాళ్లున్నారు. సరిగ్గా వాళ్ల మధ్యనే గల్లా మీద పెట్టెను దించింది.

“నా మెమరీ బిళ్ల ఏది?”

“ఇబూ, అందులో మొదటినుంచీ ఒక్కటే...” అని ఫజ్రిన్ నసిగాడు.

షాపు యజమాని గునాది లోపల్నుంచి వచ్చాడు. “మెల్లగా మాట్లాడండి ఇబూ. మా షాపులో దొంగలు లేరు. రెండున్నాయని రుజువేమిటి?”

“రుజువా? మా కార్ఖానాలో ఎవరి కత్తెర ఎవరిదో తెలియక కొట్టుకుంటారని నా ప్రతి వస్తువు మీదా నీలం సిరాతో చిన్న పువ్వు వేస్తా. ఇదిగో నా సంచిలో కత్తెర, ఇదిగో గొడుగు, ఇదిగో ఈ పెట్టెలో మిగిలిన బిళ్ల. చూశారా? రెండో పువ్వు మీ గల్లా సొరుగులోనే ఉండుంటుంది. తీయండి!”

గునాది నవ్వబోయాడు. ఫజ్రిన్ నవ్వలేదు. అది చూసి గునాది తనే సొరుగు లాగాడు. పాత బిళ్లలు గుట్టగా ఉన్నాయి. నాలుగోదాని మీద నీలం పువ్వు కనబడింది.

రిపేరుకని లాప్‌టాప్ అప్పుడే అప్పగించిన కాలేజీ అమ్మాయి గబుక్కున దాన్ని వెనక్కి లాక్కుంది.

“పొరపాటు జరిగింది ఇబూ,” గునాది చేతులు జోడించాడు. “కొత్త కంప్యూటర్ సగం ధరకే ఇస్తా.”

“పొరపాటున మెమరీ ఊడొస్తుందా? బాగున్నదాన్ని చచ్చిందన్నారు. చావడానికి మీరే ఓ చెయ్యి వేశారు. ఇప్పుడు సగం ధరకు నా నోరు కొంటారా?” ఎంతిన్ కొనేవాళ్ల వైపు తిరిగింది. “నాకు విప్పి చూడటం వచ్చు. చూడటం రానివాళ్ల దగ్గర ఎన్ని లాగారో!”

బిళ్ల తీసుకుని, పెట్టె చంకనేసుకుని, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

మర్నాడు యాయన్ బిళ్లను గాడిలో బిగించి, పాత హార్డ్ డిస్క్ తీసి, చప్పుడు చేయని కొత్తరకం డిస్క్ పెట్టాడు. పువ్వులన్నీ అందులోకి ఎక్కించాడు. గులాబీ కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది.

“రెండు మూడేళ్లు ఢోకా లేదు తేతే. కాకపోతే దీన్ని ఇంటర్నెట్‌కి కలపకు, లోపలి సాఫ్ట్‌వేర్ పాతది కదా, వైరస్‌లు దూరతాయి. ఆ తర్వాత మాత్రం మార్చాల్సిందే.”

“మారుస్తా. మార్చాల్సిన రోజు వస్తే మారుస్తా. ఎవడో నా వస్తువు లాగేసి, చచ్చిందని చెబితే మాత్రం మార్చను.”

ఆ ఏడు ఆర్డర్లన్నీ వేళకే అందించింది. గునాది రెండుసార్లు మనిషిని పంపి, ఫజ్రిన్‌ని పనిలోంచి తీసేశామని కబురు చెప్పించాడు. అది విని ఎంతిన్‌కి మరీ మండింది. బిళ్లలు గుట్టగా దొరికిన ఆ సొరుగు ఎవరిది, ఫజ్రిన్‌దా, గునాదిదా?