పటేలమ్మ పిస్తోలుకు ఒర

ఆడదాని ఒంటిమీద పిస్తోలు పెట్టుకునే చోటు లేదు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా మెదక్‌లో ఇంకొకరికి తెలియదు, ఎందుకంటే ఆ చోటు కోసం కొన్ని వారాలు వెతికింది నేనే. మగవాడికేం, నడుముకు బెల్టు, చొక్కాకు జేబు, కోటు లోపల ఇంకో జేబు, అన్నీ పుట్టకముందే కుట్టించి పెట్టినట్టు ఉంటాయి. చీరకు జేబు లేదు. రొంటిన దోపుకున్న చిన్న సంచిలో పోకచెక్కలు, కాస్త చిల్లర పడతాయి. అంతకుమించి ఆడదానికి దాచుకోవలసింది ఏముంటుందని అందరూ అనుకున్నారో ఏమో.

అప్పుడు నేను చర్చి వెనక వాడకట్టులో ఉండేదాన్ని. మా అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టుపని, ఆమె వదిలిపోయిన మిషను, రెండు గదుల ఇల్లు, ఇవే నా ఆస్తి. నా మొగుడు నిజామాబాద్‌కు పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ కథ ఇక్కడ వద్దు, ఆయనకు అంత మర్యాద అనవసరం. ముందు గదిలో రైకలు కుట్టి, వెనక గది కిరాయికి ఇచ్చి బతికేదాన్ని.

ఆ వెనక గదిలోకి బిడ్డను, ఒక ట్రంకు పెట్టెను వెంటబెట్టుకొని వచ్చింది పటేలమ్మ. చేగుంట అవతల ఒక ఊరికి ఆమె భర్త పోలీస్ పటేల్, అంటే ఊరి తగవులు, నేరాలు చూసి పైకి రాసే సర్కారు మనిషి. జ్వరం వచ్చి దవాఖానాలో పోయాడు. మగపిల్లలు లేరు కాబట్టి పటేల్‌గిరి ఆయన తమ్ముడికి వచ్చింది. పటేల్‌గిరి వచ్చాక బాయి కింది పొలం కూడా తనదే అన్నాడు ఆ తమ్ముడు. కొత్త చట్టం ప్రకారం భార్యకు, బిడ్డకు హక్కు ఉందని వకీలు చెప్పిన మాట పటేలమ్మ ఆయనతో అంటే, "చట్టం ఢిల్లీల ఉన్నది వదినె, బాయి ఈడ ఉన్నది" అన్నాడట. అన్నవాడు ఊరుకోలేదు. దినాలు అయిన కొద్ది రోజులకే ఒక సాయంత్రం ఆమె జుట్టు పట్టుకొని బాయి గట్టు మీద నుంచి సగం లోపలికి వంచాడు. "గీసారి పట్టుకున్న. మళ్లొకపారి పట్టుకోను" అని వదిలాడు. చిక్కుడుకాయలు తుంచుతూ ఈ మాట నాతో చెప్పింది పటేలమ్మ. కంట్లో తడి లేదు.

భర్త ఏడాది దినం దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఊరికి పోయి, నలుగురి ముందు నిలబడి, పొలం నాది నా బిడ్డది అని అనకపోతే కోర్టులో కేసు నిలబడదని వకీలు గట్టిగా చెప్పాడు. పోకపోతే పొలం పోతుంది, పిల్ల చదువు పోతుంది. పోతే బాయి ఉంది. అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె చీర మడతల్లోంచి ఒక పిస్తోలు తీసి నా మిషను బల్ల మీద పెట్టింది. చచ్చిపోయిన భర్తది.

"గిది నా ఒంటిమీద ఏడన్న పెట్టియ్యి అక్కా. ఎవ్వరికి కనవడొద్దు. నాకు కావాల్నంటే ఒక్క గుంజుకు చేతికి రావాలె," అన్నది.

"నేను రైకలు కుట్టేదాన్ని పటేలమ్మా. గిదేం పని?"

"గిది గూడ కుట్టే పనే గద."

నాకు కోపం వచ్చింది. భయమేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. "సర్కారుకు అప్పజెప్పుండ్రి. లేదంటె మీ పేరుమీదికి మార్పిచ్చుకోండ్రి," అని కసిరాను. ఆమె ఆ ప్రయత్నం అప్పటికే చేసింది. అర్జీలు రాసే ఆయన దగ్గర కూర్చొని అడిగితే, లైసెన్సు మారాలంటే ఈమె మంచి నడవడి గల మనిషి అని సొంత ఊరి పోలీస్ పటేల్ రాసివ్వాలని చెప్పాడట. "ఆయన భయానికే గద నాకు పిస్తోలు" అంటే, ఆ అర్జీలాయన కలం చెవి వెనక పెట్టుకొని, "నేనేం జేస్తనమ్మా" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు పటేలమ్మ కొంచెం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. టేపు తీసుకొని లేచాను.

ముందు భర్త తోలు ఒరనే బెల్టుతో సహా లంగా మీద కట్టి, పైన చీర కట్టించి చూశాను. ఎదురుగా చూస్తే పరవాలేదు. పక్కకు తిరగమన్నాను. "కడుపుతోని ఉన్నట్టున్నరు," అని నోరు జారాను. మొగుడు పోయి ఏడాది కావస్తున్న మనిషికి కడుపు కనబడితే ఇక మరిది కష్టపడనక్కరలేదు, ఊరే ఆమెను బాయిలోకి తోస్తుంది.

తరువాత తొడకు గుడ్డ పట్టీ కుట్టాను. నడిస్తే బాగుంది, కూర్చుంటే బాగుంది, కానీ తీయాలంటే చీర మోకాళ్ల పైకి లాగాలి. "మరిది ముంగట గట్లెట్ల లేపుత?" అన్నది. చంపడానికి వచ్చినవాడి ముందు కూడా సిగ్గేనా అని నేను ఎగతాళి చేశాను. ఆ పూటంతా ఆలోచిస్తే నేనైనా లేపలేనని తెలిసింది. రొంటిన సంచి కడితే రెండడుగులు వేసేలోపు కుచ్చిళ్లు జారిపోయాయి. వీపు మీద పెడితే చెయ్యి అందలేదు. నా దగ్గర గుడ్డ పేలికలు కుప్ప పడ్డాయి కానీ పిస్తోలుకు చోటు దొరకలేదు.

చివరికి ఎడమ సంక కింద దొరికింది. కుడి భుజం మీదుగా ఒక వెడల్పు పట్టీ, దానికి వేలాడుతూ పక్కటెముకల మీద చదునుగా పడుకునే ఒర, పైన మోచేతుల దాకా చేతులున్న వదులు రైక, దానిమీద కొంగు. రైకకు ఎడమ పక్క కుట్టు విప్పి అక్కడ టిచ్ బటన్లు పెట్టాను. కుడి చెయ్యి కొంగు కిందికి పోతే చాలు, బటన్లు టపటపా ఊడి పిడి చేతికి తగులుతుంది. ఒర ఒక్క గుడ్డతో నిలవదు కాబట్టి టాంగా గుర్రాలకు జీన్లు కుట్టే సాయిబు దగ్గరికి పోయి, నా కత్తెరకు సంచి అని చెప్పి తోలుతో కుట్టించాను. ఆయన అట్ట మీద నేను గీసిన ఆకారాన్ని చాలాసేపు చూశాడు. "గిదేం కత్తెరమ్మా? సరే, నేనడుగ, నువ్వు చెప్పకు," అని సూది దారం తీసుకున్నాడు.

తలుపు గొళ్లెం పెట్టి ఆమెతో అన్నీ చేయించాను. పీట మీద కూర్చోమన్నాను, లేవమన్నాను, బిందె ఎత్తమన్నాను, బస్సు మెట్లు ఎక్కినట్టు ట్రంకు పెట్టె ఎక్కి దిగమన్నాను. గజం బద్ద పట్టుకొని, "నేను మీ మరిదిని. వస్తున్న, సూస్కోండ్రి," అని మీదికి పోయాను. "మా మరిది గింత పొట్టిగుండడక్కా," అని ఆమె పగలబడి నవ్వింది. నా ఇంట్లో ఆమె అట్లా నవ్వడం అదొక్కసారే. నవ్వుతూనే చెయ్యి కొంగు కిందికి పెట్టింది, నేను రెండో అడుగు వేసేలోపు పిస్తోలు నా బొట్టులేని నుదుటికి ఎదురుగా ఉంది. తూటాలు లేవని తెలిసినా గజం బద్ద కింద పడేశాను. మా పని అయిపోయిందని ఇద్దరికీ అనిపించింది.

ఏడాది దినం నాడు తోడు రమ్మంటే పోయాను. పిల్లను బడిలో వదిలి బస్సెక్కి చేగుంటలో దిగి, అక్కడి నుంచి నడిచాం. ఆ ఇంట్లోకి మా కులపోళ్లు కడప దాటి పోరు. నేను అరుగు మీద కూర్చున్నాను. దర్వాజా తెరిచే ఉంది కాబట్టి నడిమింట్లో జరిగేదంతా కనబడుతోంది. మరిది ఎదురొచ్చి, "రా వదినె, మంచిగున్నవా? బిడ్డ మంచిగ సదువుతున్నదా?" అని కాళ్లకు నీళ్లు ఇప్పించాడు. ఆ మర్యాద చూసి, మేము ఉత్తగనే పరేషాన్ అయ్యామేమో అనుకున్నాను.

మా దిక్కు చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు కలిస్తే ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసి, గట్టిగా అలుముకొని, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లతో మాట్లాడుతున్నట్టే ఆ ఏడుపు సాగుతుంది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. చర్చికి పోయే మా ఇండ్లలో కూడా అంతే, పాస్టరుగారు వద్దన్నా వినరు. తలుపు గొళ్లెం పెట్టుకొని కూర్చోవడం, వంగడం, బస్సెక్కడం అన్నీ చూసుకున్న మా ఇద్దరికీ ఈ సంగతి మాత్రం తట్టలేదు. నర్సాపూర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ, "ఓ వదినే" అని చేతులు చాపి లేచినప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. నేను అరుగు మీద నుంచి లేచే లోపల వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.

ఆడబిడ్డ అన్న మీద రాగం తీసింది. మంచి గొంతు. పక్కనున్న ఆడవాళ్లంతా కొంగులు కళ్లకు అద్దుకున్నారు. ఆమె కుడి చెయ్యి పటేలమ్మ వీపు మీద, ఎడమ పక్క కిందికి, మళ్లీ పైకి తిరుగుతోంది. ఒకచోట ఆగింది. ఒక్క ఊపిరి సేపు రాగం కూడా ఆగింది. తరువాత అదే రాగంలో, ఎక్కడా శ్రుతి తప్పకుండా, గోడ మీది ఫోటో వైపు తిరిగి ఎత్తుకుంది.

"ఓ నా అన్నా, నీ నడుముకుండే పిస్తోలు నీ పెండ్లాం సంకల జొచ్చిందే అన్నా... నీ ఇంటి మీదికే మోసుకొచ్చిందే అన్నా..."

ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. ఆడబిడ్డ వేళ్లకు బటన్లు దొరికాయి. ఒక్క గుంజుకు రావాలని మేము కుట్టాం, ఒక్క గుంజుకే వచ్చింది. పటేలమ్మ చేతులు అప్పటికీ ఆమె మెడ చుట్టూనే ఉన్నాయి.

మరిది పిస్తోలు అందుకొని, భుజం మీది తువ్వాలతో తుడిచాడు. గొంతు కూడా పెంచలేదు. "వదినె, గిది అన్న పేరుమీదున్నది. అన్న లేడు. లైసెన్సు లేని పిస్తోలు పట్టుకొని పోలీస్ పటేల్ ఇంటికి వచ్చినవ్. పైకి రాయకుంటె నా నౌకరి పోతది. రాస్తె నువ్వు జైలుకు పోతవ్, బిడ్డ ఆగమైతది. ఏం జేద్దామో నువ్వే చెప్పు," అన్నాడు.

"ఆమెను బాయిలకు వంచిందెవరు? గది గూడ రాయుండ్రి!" అని నేను కడప మీద చెయ్యి వేసి అరిచాను. నలుగురూ నా వైపు తిరిగారు. బాయి గురించి ఒక్కరూ అడగలేదు. కడప మీది నా చెయ్యిని చూశారు. మరిది నా వైపు వచ్చి, పటేలమ్మ రైకకు బటన్లు పెట్టిన పక్క కుట్టును వేలితో చూపించి, "నువ్వేనా కుట్టింది? మంచిగ కుట్టినవమ్మా," అన్నాడు.

పొలం వదులుకున్నట్టు కాగితం ముందే రాసి పెట్టి ఉంది. అంటే పిస్తోలు దొరక్కపోయినా ఇంకో దారిలో దానిమీద సంతకం పెట్టించేవాళ్లే. అది తలచుకుంటే నాకు ఊరట కలగాలి, కలగలేదు. ఆమె సంతకం పెట్టింది. పెట్టాక మరిది భోజనం చేసి పొమ్మన్నాడు. ఆమె చేయలేదు. నాకు అరుగు మీదికి విస్తరి పంపారు, నేను దాన్ని అక్కడే వదిలి లేచాను.

ఆ తరువాతి సంగతులు చెప్పడానికి పెద్దగా లేవు. వకీలు మళ్లీ కేసు వేద్దామన్నాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. పిల్ల బడి మానేసి తల్లి పక్కన కూర్చొని బీడీలు చుట్టడం నేర్చుకుంది. పిస్తోలును మరిది తన పేరుమీదికి మార్పించుకున్నాడని విన్నాం. మంచి నడవడి అని రాసివ్వడానికి ఆయన ఇంకొకరి దగ్గరికి పోవలసిన పని లేదు. పటేలమ్మ నా వెనక గదిలోనే ముసలిదైంది. ఇవన్నీ జరుగుతాయని ఆ రోజు తిరుగు బస్సులోనే నాకు తెలుసు. అయినా ఇన్నేళ్లూ నన్ను పట్టుకొని ఉన్నది ఆ బస్సులో ఆమె అన్న మాట.

చేగుంటలో బస్సు కదలగానే నేను ఆగలేకపోయాను. "చేతులు లేవా మీకు? దాన్ని అవతలికి తోసెయ్యకపోతిరి? గన్ని దినాలు నేర్పిచ్చింది గిందుకేనా?" అని అందరూ వినేటట్టు కోప్పడ్డాను. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె రైక పక్కన ఊడిన బటన్లను ఒక్కొక్కటే పెట్టుకుంది.

"మర్చిపోయిన అక్కా," అన్నది.

"ఏం మర్చిపోయిండ్రు?"

"అది నా ఒంటిమీద ఉన్నదన్న సంగతి. ఆమె పట్టుకోంగనే మర్చిపోయిన. ఏడాది సంది నన్ను ఎవ్వరు గట్ల పట్టుకోలే. ఆమె చెయ్యి సంక కింద తిరుగుతుంటె, నా వీపు నిమురుతున్నదనుకున్న."