నలభై అక్షరాల తాళంచెవి

ఆ రోజుల్లో ఒక అమ్మాయితో అయిదు నిమిషాలు ఫోన్లో మాట్లాడాలంటే ఏదో ఒక పని ఉండాలి. నాకు దొరికిన పని నలభై అక్షరాల పొడవుంది.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఏలూరులో తివాచీలు అమ్మే ఒక పెద్దాయన తన సరుకుని ఆన్‌లైన్ స్టోరులో పెట్టారు. అక్కడికొచ్చే ఆర్డర్లు ఆయన షాపు కంప్యూటర్లోకి వాటంతటవే దిగాలి. అందుకు స్టోరువాళ్లు ఏపీఐ అని ఒక దారి ఇచ్చారు. ఆ దారిన నడిపించే లైబ్రరీని (పుస్తకాలది కాదు, ముందే రాసిపెట్టిన కోడు) ఎవరో పుణ్యాత్ముడు నెట్లో ఉచితంగా పెట్టాడు. నేను చేయాల్సిందల్లా అందులో షాపువారి నలభై అక్షరాల రహస్య కీ టైపు చేయడమే. (ఆఫీసులో మాత్రం అంతా నేనే రాస్తున్నట్టు మొహం పెట్టుకుని తిరిగేవాణ్ణి.)

రహస్యాన్ని మెయిల్లో పంపకూడదని పెద్దాయన పట్టు. అందుకని షాపులో ఆర్డర్లు చూసుకునే వాళ్లమ్మాయి ఫోన్లో చదివింది. పొరపాటు రాకుండా "ఏ అంటే ఆకివీడండి, కే అంటే కొల్లేటికోటండి" అంటూ నన్ను చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పింది. ఎఫ్‌కి మన వైపు ఊరు తట్టక, "ఫ్యానండి" అంది. ఆ గొంతు దెబ్బకి అక్కడితో నా పని అయిపోయింది.

లైబ్రరీ మొదటిసారికే కనెక్టయింది. తివాచీల జాబితా బుద్ధిగా తెర మీదికి వచ్చి కూర్చుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. పని అయిపోతే మళ్లీ ఆ గొంతు వినేదెలా? మర్నాడు పదకొండింటికి ఫోన్ చేసి, కనెక్ట్ కావడం లేదనీ, ఏదో అక్షరం తప్పు రాసుకున్నట్టున్నాననీ చెప్పాను. విసుక్కోకుండా మళ్లీ చదివింది. ఆ మర్నాడూ అంతే. అయిదు రోజులు అలాగే గడిచాయి. రెండు లైన్ల పనికి వారమా అని మా ఆఫీసు సారు రోజూ తిట్టేవారు. నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆరో రోజు సారు ఇవాళ పూర్తి చేయకపోతే ఇంటికే అన్నారు. కనెక్టయిందని చెబుదామని ఫోన్ చేశాను.

"మొదటి రోజే అయిందండి," అంది మెల్లగా. "కీ ఎప్పుడు వాడారో ఇక్కడ నా స్క్రీన్ మీద కనబడుతుందండి."

మరి అన్నిసార్లు ఎందుకు చదివారండీ అని అడగాలి కదా ఎవడైనా! చివరికి నేను అడిగింది, "అయితే పని పూర్తయినట్టేనాండీ?" అని.

"పూర్తయినట్టేనండి," అని ఫోన్ పెట్టేసింది.

ఎన్ని ప్రోగ్రాములు కలిపానో ఆ తర్వాత! అప్పటి ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది, ఒక్క మొట్టికాయ వేయాలనీ అనిపిస్తుంది.