నాలుగో డోసుకు వచ్చిన మనిషి

దయ్యాలూ గియ్యాలూ అనేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఇప్పుడూ నమ్మను. అయినా రెండువేల ఎనిమిది ప్రాంతంలో బందరులో జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను.

మా అక్క భర్త, మా బావ, నాగాయలంకలో పీతల వ్యాపారం చేసేవాడు. క్లోమానికి క్యాన్సరు వచ్చింది. తెలిసేసరికే ముదిరిపోయింది. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మన ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సరు మీదికి ఉసిగొల్పే రెండు మందులు కలిపి ఇచ్చి పరీక్షిస్తున్నారంటే చేరాడు. మూడు వారాలకో డోసు. మూడోది అయ్యేసరికి అన్నం సయించసాగింది. అక్క మళ్లీ నవ్వింది.

ఆ మర్నాడే జ్వరం కాసింది. అక్క ఇంట్లో లేదు.

"ఆసుపత్రికి ఫోన్ చేద్దాం రా, బయటి మందులొద్దన్నారు" అన్నాడు బావ.

వాళ్లు ఫోనెత్తేలోపు నువ్వు పోతావని కసిరి, ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్లాను. ఆయన అందరికీ పొడిచినట్టే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచాడు. గంటలో జ్వరం దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మందులు లేపిన శక్తిని ఆ స్టెరాయిడ్ అణిచేస్తుందట. నాలుగు రోజులకి రక్తపరీక్షప్పుడు సంగతి తెలిసి, ఇక పనికిరాడని బావ పేరు కొట్టేశారు. బయటి మందు ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పి ఏడ్చినవాడు ఒక్కడు లేడు. అంతా ఇంగ్లీషు కాగితాల్లో రాసి, చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఇంజెక్షన్ ఎవరు చేయించారని అడిగితే నేను నోరెత్తలేదు. బావా చెప్పలేదు. పది రోజుల్లో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక రిపోర్టుల కోసం గొడవకి వెళ్లాను. కౌంటర్లో నర్సు రిజిస్టరు చూసి, "ఆయన మొన్న సోమవారం వచ్చారు కదండీ" అంది.

సోమవారం నాలుగో డోసు రోజు. బావ పోయి అప్పటికి వారం.

నాకు తిక్క రేగింది. చచ్చినవాళ్ల పేర దొంగ రాతలు రాస్తారా అని బల్ల గుద్దాను. ఆమె బిత్తరపోయి రిజిస్టరు నా ముందుకు తోసింది. తేదీ, బరువు, వేలిముద్ర.

ముద్రలో అడ్డంగా తెల్లటి గీత. పీత కొరికి తెగిన బావ బొటనవేలు అది. పాత పేజీల్లో ముద్రలతో పోల్చి చూశాను. అదే. బరువు రెండు కిలోలు పెరిగి ఉంది.

"'మీ పేరు లిస్టులో లేదండీ, డోసు ఇవ్వరు' అని ఆయనతో అన్నాను. కాసేపు కూర్చున్నారు. 'ఆ ఇంజెక్షను నేనే అడిగి చేయించుకున్నానమ్మా, మావాణ్ని ఏమీ అనకండి' అని చెప్పి వెళ్లిపోయారండీ."

లాక్కెళ్లింది నేనని అక్కకి కూడా ఈనాటికీ తెలియదు. ఆ వచ్చింది ఎవరో, ఎలా వచ్చారో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. కోపం మాత్రం తగ్గలేదు. నన్ను వెనకేసుకురమ్మని ఆయన్ని ఎవరడిగారు? అంత దూరం వచ్చినవాడు, నాగాయలంక వచ్చి నన్ను నాలుగు తిట్టి పోవాల్సింది.