కొత్త పంచాంగం రాని పుష్యమాసం

ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో కూడుతున్నాయని, అమావాస్యకు లోకం మునిగిపోతుందని జమ్మలమడుగంతా ఒకటే గుసగుస. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా నాయన పురోహితుడు. నాకు కూడబలుక్కుని చదవడం నేర్పింది పంచాంగంలోనే. అందుకే ఊళ్లో మిగతా పిల్లలకు పట్టని సంగతొకటి నా కంట పడింది. ఏటా పుష్యమాసానికే మా ఇంటికి వచ్చే కొత్త ఏడాది పంచాంగం ఆసారి రాలేదు. ఎందుకొస్తుంది? లేని రోజులకు తిథులెవరు గుణిస్తారు? రాసే సిద్ధాంతికి అంతా ముందే తెలిసిపోయిందనుకున్నాను.

ఇంక నా బుర్ర ఊరుకుందా? కళ్లు మూస్తే చాలు, గండికోట బండలు దొర్లి పెన్నకు అడ్డం పడ్డాయి, నీళ్లు మా వీధిలోకి వచ్చాయి, మా ఆవు పలుపు ఎవరూ విప్పలేదు. అన్నిటికంటే పెద్ద దిగులు నాయన గురించి. అమావాస్య నాడే ఆయనకు ప్రొద్దుటూరులో శాంతిహోమం ఉంది. భూమి నడిమికి పగిలితే ఆయన ఆ పక్క, మేము ఈ పక్క. అన్నం సయించక కంచం ముందు ఏడుస్తుంటే, అమ్మ కడుపులో పురుగులని తేల్చి ఆముదం తాగించింది. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు.

అమావాస్య రెండు రోజులుందనగా ఒక రైతు వచ్చి, కూతురి పెండ్లికి వైశాఖంలో ముహూర్తం పెట్టమన్నాడు. నాయన వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఆగాడు.

"అమావాస్య పోనీప్పా, అప్పుడు చూద్దాం."

రైతు వెళ్లగానే నాయన పంచె పట్టుకుని, హోమానికి పోవద్దని, పోతే నన్నూ తీసుకుపొమ్మని ఏడ్చాను. పంచాంగం సంగతీ కక్కేశాను. అచ్చాఫీసులో ఆలస్యమైందని, వారంలో వస్తుందని చెప్పాడాయన. మరి రైతుతో ఆ మాటే ఎందుకు అనలేదని నిలదీశాను. నాయన లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నాకూ భయంగానే ఉంది పాపా. యాడా అనొద్దు."

నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. హోమగుండం దగ్గర ఆయన వెనకే కూర్చున్నాను. జనం వచ్చి కాళ్లకు మొక్కి, ఏమన్నా అవుతుందా స్వామీ అని అడుగుతున్నారు. అందరికీ ఒకటే జవాబు.

"ఏం గాదులేప్పా, నేనుండా గదా."

వాళ్లు ఆయన మొహం చూసి ధైర్యం తెచ్చుకుని వెళ్తున్నారు. నాకసలే నోట్లో మాట దాగదు. లోకం మునుగుతుందన్న సంగతి మరిచిపోయాను. ఎక్కడ నోరు జారి నాయన భయం బయటపెడతానోనని, పొద్దుగుంకేదాకా రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాను.