నాన్న కుడిచెయ్యి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. విజయనగరంలో జూట్ మిల్లు లైన్లలో పుట్టి పెరిగినదాన్ని. మేస్త్రీకి భయపడటానికే మాకు పొద్దు చాలేది కాదు, ఇక దయ్యాలకి భయపడే తీరిక ఎక్కడిది? ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. చూసింది చూసినట్టు చెబుతాను.

లైన్లంటే మిల్లు వాళ్లు వరసగా కట్టించిన ఒంటిగది ఇళ్లు. మా నాన్న శ్రీకాకుళం తీరంలో చేపల వేట మానేసి మిల్లులో చేరాడు. మా గోడకి అవతల ఒడియా వాళ్లు, ఎదురు వరసలో తమిళులు, కొళాయి దాటితే సాయిబుల ఇళ్లు. రథయాత్రకి అందరం తాడు లాగేవాళ్లం. పీర్ల పండగకి అందరం గుండం చుట్టూ మూగేవాళ్లం. కొళాయి దగ్గర మాత్రం ఎవరి భాషలో వాళ్లం తిట్టుకునేవాళ్లం.

మిల్లు లోపల మటుకు అందరికీ ఒకటే భాష, చేతుల భాష. ఆ మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు. మీసం మెలేస్తే మేస్త్రీ అని. అరచెయ్యి అడ్డంగా కోసినట్టు కదిపితే మిషన్ ఆపమని. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంటే, ఆపేశాను, భయం లేదు అని. మనుషులకీ గుర్తులుండేవి. గోవిందుకి చెవిపోగు ఉండేది కాబట్టి చెవి తమ్మె పట్టుకుంటే గోవిందు. పిల్లలకి కూడా ఇదంతా వచ్చు. బళ్లో ఈ భాష మాట్లాడి నేను తన్నులు కూడా తిన్నాను.

గోవిందు మా గోడవతల ఒడియా ఆయన, నాన్నకి ప్రాణస్నేహితుడు. ఇద్దరిదీ ఒకే మిషన్. జనపనార నలిపే ఆ మిషన్ రోలర్ల మధ్య ఆయన కుడిచెయ్యి పడి భుజం దాకా పోయింది. మనిషీ పోయాడు. మిషన్ ఆపే మీట నాన్న దగ్గరే ఉండేది. అటు తిరిగి ఉన్నాను, చూడలేదు అని నాన్న చెప్పాడు. గోవిందు భార్య సుకాంతి నమ్మింది. ఒడియా వాళ్లు పిన్నిని పిలిచినట్టు మేమంతా ఆమెని మావుసి అంటాం. పండక్కి ఆమె పిఠా, అదే వాళ్ల పిండివంట, వండితే మొదటి ముక్క మా నాన్నకే వచ్చేది.

నిరుడు నాన్నకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది. ఆస్పత్రిలో డాక్టరు గిల్లి, గుచ్చి చూసి, ఈ చెయ్యి ఇక రాదన్నాడు. రోజూ ఎత్తి తుడిచేదాన్ని నేనే. తడిసిన గోనెలా బరువుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం మావుసి ఆస్పత్రికి చూడ్డానికి వచ్చింది. కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. ఆమె వచ్చి నాన్న కాళ్ల దగ్గర స్టూలు మీద కూచుంది. నాన్న కుడిచెయ్యి లేచింది.

నర్సు కూడా చూసింది. “ఒలమ్మా, ఇదేటి!” అంటూ డాక్టరు కోసం పరిగెత్తింది.

ఆ చెయ్యి చెవి తమ్మె పట్టుకుంది. గోవిందు. తర్వాత కంటిని చూపించింది. చూశాను అని. గాలిని అడ్డంగా కోసి, వేలు అటూ ఇటూ ఊపింది. ఆపలేదు అని. ఆఖర్న లేని మీసాన్ని మెలేసింది.

మేస్త్రీ తల ఊపకుండా మిషన్ ఆపినవాడికి మర్నాడు మిల్లు గేటు తెరుచుకునేది కాదు. లైన్లో ఇల్లూ ఖాళీ చెయ్యాలి. గోవిందు ఆపమని చెయ్యి ఊపినప్పుడు నాన్న మీట లాగలేదు. ముందు మేస్త్రీ ముఖం చూశాడు.

ఇక ఆ చెయ్యి ఒకటే మాట అంటోంది. ఆపు, ఆపు. ఎవరో వేళ్లు పట్టి లాగుతున్నట్టు భుజం సాగుతోంది, మంచం కిర్రుమంటోంది. నాన్న కళ్లు మావుసి మీదే ఉన్నాయి. ఆమె ఒక్కసారి, భయం లేదని, అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంటే చాలు. అది ఆమెకీ తెలుసు. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

“మావుసీ, నీ కాళ్లు పట్టుకుంతాను, ఒక్కపాలి సెయ్యి సూపించు,” అని ఏడ్చాను.

“నువ్వూరుకోమ్మా. నేను సూస్తన్నాను కదా,” అంది.

నా అరచెయ్యే నా గుండెల మీద పెట్టుకుని చూపించాను. నాన్న నా వైపు తిరగనేలేదు. డాక్టరు వచ్చేసరికి చెయ్యి పడిపోయింది, ప్రాణమూ పోయింది.

అప్పుడు మావుసి కొంగు కింద నుంచి చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకుంది.

“ఆ రోజు మిషనూ ఇలాగే ఆపినారమ్మా. అంతా అయిపోయినాక,” అంది. తెచ్చిన కమలాపళ్లు స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ క్షణాన ఆమె పీక పిసికెయ్యాలనిపించింది. ఆమె చోట నేనున్నా చేతులు దాచుకునేదాన్నేమో.

ఇంటి దగ్గర నాన్నకి స్నానం చేయిస్తూ తమ్ముడు పిలిచాడు. “అక్కా, ఇటు సూడు. ఇదేటి?”

కుడిచెయ్యి వేళ్ల నుంచి భుజం దాకా వాలుగా, వరసగా నల్లటి గీతలు. చర్మం ఎక్కడా తెగలేదు. ఆ గీతలు నాకు తెలుసు. చిన్నప్పుడు మిల్లు పారేసిన పాత రోలర్ ఒకటి మా కొళాయి దగ్గర పడి ఉండేది. దాని మీద కూచుని లేస్తే తొడల మీద అచ్చం అవే గీతలు పడేవి.

ఫోటో చూపిస్తే, రక్తం గడ్డకట్టి ఉంటుందన్నాడు డాక్టరు. కట్టే ఉండవచ్చు. చచ్చుబడిన చెయ్యి ఎలా లేచిందని అడిగితే తర్వాతి పేషెంటుని పిలిచాడు. మిల్లు మూతపడింది, లైన్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు, ఆ రోలర్ ఏనాడో పాత ఇనుముకి పోయింది. నాన్న చేతి మీదకి ఆ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

వాటి సంగతి మావుసికి చెప్పలేదు. వింటే సంతోషపడుతుందేమోనని నా భయం.